మళ్ళీ మొదటి నుంచి కాకుండా: న్యూ బీకన్ బుక్స్ మనుషులు

(కొమర్రాజు వెంకట లక్ష్మణరావు స్మారకోపన్యాసం పాఠం)

కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారి పేరిట జరిగే సభలో మాట్లాడడం గౌరవం. ఆ గౌరవం వెంట ఒక బాధ్యత కూడా ఉంటుంది. ఆయనను చరిత్ర పరిశోధకులుగా, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం సంపాదకులుగా తలుచుకోవడం మనకు అలవాటు. ఈ ఉపన్యాసం మాత్రం ఆయనలోని ప్రచురణకర్తను తలుచుకుని మొదలవుతుంది.

1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో వెలిసింది. అయిదేళ్ళ తర్వాత, 1906లో, ఆ గ్రంథాలయం వెనుక ఉన్న మనుషులే, లక్ష్మణరావు గారితో సహా, విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పారు. పుస్తకం అచ్చువేయడం, దాన్ని చదువుకోవడానికి ఒక చోటు చూపించడం, చదివినవాళ్ళు కూర్చుని మాట్లాడుకునేలా చేయడం వాళ్ళకు మూడు వేర్వేరు పనులుగా తోచలేదు. మండలి తొలి పుస్తకం 1907లో వచ్చింది. అది గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు రాసిన అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర. ఆ తర్వాత ఆంధ్రుల చరిత్ర, అర్థశాస్త్రం, ప్రకృతి శాస్త్రాలు తెలుగు పాఠకుడి చేతికి అందాయి. ఇంకెవరి బానిసత్వం గురించో తెలుసుకుంటూ మన వాళ్ళు తమ చరిత్ర వైపు తిరిగారు.

లింకన్ పుస్తకం వెలువడిన దాదాపు అరవై ఏళ్ళకు, 1966 ఆగస్టులో, లండన్ ఉత్తర భాగంలోని ఒక ఇంట్లో మరో చిన్న ప్రచురణ సంస్థ పుట్టింది. దాని పేరు న్యూ బీకన్ బుక్స్. దాన్ని మొదలుపెట్టినవాళ్ళు ఇద్దరు. ట్రినిడాడ్ నుంచి వచ్చిన కవి, కార్మికోద్యమ కార్యకర్త జాన్ లా రోజ్ ఒకరు. ఆయన జీవన సహచరి, ఇంగ్లండులో పుట్టి పెరిగిన సారా వైట్ మరొకరు. చేతిలో పెద్ద పెట్టుబడి లేదు, సొంత ముద్రణాలయం లేదు. కరీబియన్ ప్రజలకు తమవైన పుస్తకాలు తమ చేతుల మీదుగానే రావాలన్న పట్టుదల మాత్రం ఉంది. ఈ ఉపన్యాసం ఆ ఇద్దరి గురించీ, వాళ్ళ చుట్టూ చేరిన మనుషుల గురించీ.

లా రోజ్ ఆలోచనకు మూలం ఒక గుర్తింపులో ఉంది. వలస పాలన మనుషుల శ్రమనే కాదు, వాళ్ళ జ్ఞాపకాన్నీ దోచుకుంటుంది. ఒక తరం పోరాడుతుంది, రాస్తుంది, సంఘాలు కడుతుంది. ఆ పుస్తకాలు అచ్చులో ఉండవు, ఆ పత్రికలు ఎక్కడా దొరకవు, ఆ పేర్లు బడిలో వినిపించవు. తర్వాతి తరం తనకు ముందు ఎవరూ లేరనుకుని అన్నీ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఈ తెగిపోవడాన్ని ఆపడమే ప్రచురణ పని అని ఆయన నమ్మారు. అచ్చువేసి వదిలేస్తే ఆ పని పూర్తి కాదు. పుస్తకం చుట్టూ మనుషులు కలిసే ఒక చోటు ఉండాలి, ఆ కలయికల్లో పుట్టిన పనికి రికార్డు ఉండాలి. ప్రచురణ, సమావేశ స్థలం, దస్త్రాల భద్రత కలిస్తేనే ఒక చిన్న ప్రచురణ సంస్థ ఒక సంస్థగా నిలుస్తుంది. న్యూ బీకన్ అర్ధ శతాబ్దపు చరిత్ర ఇందుకు సాక్ష్యం.

ఆ నమ్మకం ఆయనకు లండన్‌లో కలిగింది కాదు. జాన్ లా రోజ్ 1927 డిసెంబరులో ట్రినిడాడ్‌లోని అరీమా పట్టణంలో పుట్టారు. ట్రినిడాడ్ చెరకు, కోకో, చమురు మీద నడిచిన బ్రిటిష్ వలస. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన వారి సంతతీ, బానిసత్వం రద్దయ్యాక 1845 నుంచి ఓడల్లో దిగిన భారతీయ ఒప్పంద కూలీల సంతతీ పక్కపక్కనే బతికిన దీవి. ఇలా కరీబియన్ వలసలకు మద్రాసు రేవు నుంచి వెళ్ళిన కూలీలలో తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. యువకుడిగానే లా రోజ్ కార్మిక సంఘాల్లో, స్వాతంత్ర్య రాజకీయాల్లో దిగారు. వెస్టిండియన్ ఇండిపెండెన్స్ పార్టీకి ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. తర్వాత దేశం విడిచి వెనిజులాలో పాఠాలు చెప్పి, 1961లో లండన్ చేరారు. ట్రినిడాడ్ చమురు కార్మికుల సంఘానికి యూరప్‌లో ప్రతినిధిగా ఆ తర్వాత దశాబ్దాల పాటు కొనసాగారు.

సంస్థకు పెట్టుకున్న పేరులోనే ఆయన ఆలోచన కనిపిస్తుంది. 1931 నుంచి 1933 వరకు పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ‘ది బీకన్’ అనే పత్రిక నడిచింది. ఆల్బర్ట్ గోమ్స్, ఆల్ఫ్రెడ్ మెండెస్, సి.ఎల్.ఆర్. జేమ్స్ వంటి వాళ్ళు దానికి ఊపిరి. వలస సమాజపు మర్యాదలను లెక్కచేయకుండా పేదల బతుకును కథల్లోకి తెచ్చిన పత్రిక అది. మూడేళ్ళు తిరక్కుండానే ఆగిపోయింది. లా రోజ్ ముప్పై ఏళ్ళ తర్వాత దాని ముందు ‘న్యూ’ అని చేర్చి, ముందువాళ్ళు ఎక్కడ ఆపారో అక్కడ నుంచి మొదలుపెడుతున్నామని చెప్పారు. సంస్థ తొలి పుస్తకం ‘ఫౌండేషన్స్’. అది ఆయన సొంత కవితల సంపుటి. ఆంథొనీ లా రోజ్ పేరుతో వచ్చింది.

1969లో న్యూ బీకన్ చేసిన రెండు పునర్ముద్రణలు ఈ ఉపన్యాసానికి గుండెకాయ వంటివి. ఆ రెండు పుస్తకాల రచయితా ఒక్కరే. ఆయన జాన్ జేకబ్ థామస్, పందొమ్మిదో శతాబ్దపు ట్రినిడాడ్‌లో ఒక నల్లజాతి బడిపంతులు. చాలావరకు స్వయంకృషితో చదువుకున్న మనిషి. దీవిలో సామాన్యులు మాట్లాడే క్రియోల్ భాషను చదువుకున్నవాళ్ళు వంకర ఫ్రెంచి అని ఈసడించే రోజుల్లో, ఆ భాషకు నియమాలున్నాయని నిరూపిస్తూ 1869లో వ్యాకరణం రాశారు. వ్యవహార భాష కోసం, సవర భాష కోసం గిడుగు వారు పడిన శ్రమ తెలిసిన మనకు ఆ పంతులు సాహసం ఎంతటిదో ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

ఆయన రెండో పుస్తకం మరీ ముఖ్యమైనది. ఆక్స్‌ఫర్డ్ చరిత్రకారుడు జేమ్స్ ఆంథొనీ ఫ్రూడ్ కరీబియన్ దీవుల్లో ఒక చుట్టు తిరిగి, నల్లవారికి స్వపరిపాలన యోగ్యత లేదని వాదిస్తూ 1888లో ఒక గ్రంథం వెలువరించారు. సామ్రాజ్యపు పేరున్న పండితుడికి ఒక వలస బడిపంతులు జవాబు రాశారు. ‘ఫ్రూడాసిటీ’ పేరుతో 1889లో లండన్‌లో వచ్చిన ఆ పుస్తకం ఫ్రూడ్ వాదాలను ఒక్కొక్కటిగా పట్టి విప్పింది. థామస్ అదే ఏడాది కన్నుమూశారు. తర్వాత పుస్తకం క్రమంగా కనుమరుగైంది. ఎనభై ఏళ్ళ తర్వాత న్యూ బీకన్ దాన్ని సి.ఎల్.ఆర్. జేమ్స్ వ్యాసం ముందుపెట్టి మళ్ళీ అచ్చువేసింది. అంతకు ముందు ఏడాదే, 1968 ఏప్రిల్‌లో, ఇనాక్ పావెల్ అనే పార్లమెంటు సభ్యుడు వలస వచ్చినవారి మీద విషం కక్కుతూ బర్మింగ్‌హామ్‌లో ప్రసంగించారు. తమకు చరిత్ర లేదన్న మాట రోజూ వింటున్న యువతీయువకుల చేతికి, ఆ మాటకు 1889లోనే తమ వాడొకడు ఇచ్చిన జవాబు అందింది. చిన్న ప్రచురణ సంస్థ చేయగల అతి పెద్ద పని ఇలాంటిదే.

మనుషులు కలిసే చోటు సంగతికి వద్దాం. న్యూ బీకన్ పుట్టిన ఏడాది చివర్లోనే లా రోజ్, బార్బడోస్ కవి కమావ్ బ్రాత్‌వెయిట్, జమైకా రచయిత ఆండ్రూ సాల్కీ కలిసి కరీబియన్ ఆర్టిస్ట్స్ మూవ్‌మెంట్‌ను ప్రారంభించారు. మొదటి సమావేశం బ్రాత్‌వెయిట్ ఇంట్లో. తర్వాత ఎర్ల్స్ కోర్ట్‌లోని వెస్టిండియన్ విద్యార్థుల కేంద్రంలో బహిరంగ సభలు. నవలాకారుడు విల్సన్ హారిస్, చిత్రకారుడు ఆబ్రీ విలియమ్స్, శిల్పి రోనాల్డ్ మూడీ, వస్త్ర రూపశిల్పి ఆల్థియా మెక్‌నిష్, సామాజిక శాస్త్రవేత్త స్టువర్ట్ హాల్ వంటి వాళ్ళు ఒకే చోట కూర్చుని వాదించుకున్నారు. వేర్వేరు దీవుల వాళ్ళు తాము ఒకే ప్రజ అని గ్రహించింది తమ దీవుల్లో కంటే లండన్‌లోనే ఎక్కువ. సభ ఎక్కడ జరిగితే అక్కడికి న్యూ బీకన్ పుస్తకాల మూటలు చేరేవి. ఉద్యమం 1972లో సద్దుమణిగింది. దాని చరిత్రను ఆన్ వామ్స్లీ రాయగా, 1992లో ప్రచురించింది కూడా న్యూ బీకనే.

బడి విషయంలో న్యూ బీకన్ పాత్ర ఇంకా లోతైనది. 1960ల చివర లండన్‌లో వెస్టిండియన్ పిల్లలను పెద్ద సంఖ్యలో ‘విద్యాపరంగా మందబుద్ధులు’ అన్న ముద్రతో ప్రత్యేక పాఠశాలలకు పంపేవారు. ఇంగ్లండు పిల్లల కోసం, ఇంగ్లండు జీవితం మీద తయారైన పరీక్షలతో వాళ్ళ తెలివిని కొలిచేవారు. తల్లిదండ్రుల్లో చాలామందికి అది ప్రత్యేక శ్రద్ధ చూపే మంచి బడి అనే తెలుసు. 1969లో లా రోజ్ తన ఇంట్లోనే జార్జ్ పాడ్మోర్ పేరుతో అనుబంధ పాఠశాల పెట్టారు. పాడ్మోర్ ట్రినిడాడ్‌లో పుట్టి ఆఫ్రికా విముక్తికి జీవితం ఇచ్చిన మేధావి, 1945 మాంచెస్టర్ పాన్ ఆఫ్రికన్ కాంగ్రెస్ నిర్వాహకుల్లో ఒకరు. పిల్లలు మామూలు బడికి వెళ్తూనే ఇక్కడ లెక్కలు, ఇంగ్లీషు, తమ చరిత్ర నేర్చుకున్నారు.

1971లో న్యూ బీకన్ ఒక సన్నని పుస్తకం తెచ్చింది. గ్రెనడాకు చెందిన ఉపాధ్యాయుడు బెర్నార్డ్ కోర్డ్ రాసిన ఆ పుస్తకం, బ్రిటిష్ బడుల వ్యవస్థ వెస్టిండియన్ బిడ్డను ఎలా మందబుద్ధిగా తయారుచేస్తోందో చూపించింది. కరీబియన్ విద్యా కార్యకర్తల సంఘం కోసం రాసిన పుస్తకం కాబట్టి అది పండితులను ఉద్దేశించలేదు. తల్లిదండ్రులతో నేరుగా మాట్లాడింది, ఏం అడగాలో, ఏ కాగితం మీద సంతకం పెట్టకూడదో ఆలోచించేలా చేసింది. ఆ పుస్తకం చదివి కదిలిన తల్లిదండ్రులు బ్రిటన్ నగరాల్లో శనివారపు బడులు తెరిచారు. ఆ ముద్రను చట్టం నుంచి తీసేయడానికి 1981 విద్యా చట్టం దాకా ఆగవలసి వచ్చింది. అచ్చు కాగితానికీ ఒక పిల్లవాడి భవిష్యత్తుకూ ఇంత దగ్గర సంబంధం ఉన్న సందర్భాలు ప్రచురణ చరిత్రలో అరుదు. 2020లో స్టీవ్ మెక్వీన్ తీసిన ‘ఎడ్యుకేషన్’ చిత్రం ఈ చరిత్రనే మళ్ళీ తెర మీదికి తెచ్చింది.

ఈ పనిలో న్యూ బీకన్ ఒంటరి కాదు. లండన్ పడమటి భాగం ఈలింగ్‌లో జెస్సికా హంట్లీ, ఎరిక్ హంట్లీ దంపతులు 1969లో బోగిల్ లూవర్చ్యూర్ పబ్లికేషన్స్ పెట్టారు. బ్రిటిష్ గయానా స్వాతంత్ర్య పోరాటంలో పనిచేసి వచ్చిన వాళ్ళు. చరిత్రకారుడు వాల్టర్ రాడ్నీని 1968 అక్టోబరులో జమైకా ప్రభుత్వం దేశంలో అడుగుపెట్టనివ్వకపోతే, ఆయన అక్కడి పేదల మధ్య చేసిన ప్రసంగాలను పుస్తకంగా తేవడానికే ఆ సంస్థ పుట్టింది. ఆఫ్రికా వెనకబాటుకు యూరప్ ఎలా కారణమైందో వివరించిన రాడ్నీ ప్రసిద్ధ గ్రంథాన్ని 1972లో టాంజానియా ప్రచురణ సంస్థతో కలిసి వెలువరించిందీ వాళ్ళే. 1980లో రాడ్నీ హత్య జరిగాక తమ దుకాణానికి ఆయన పేరే పెట్టారు. రెండు సంస్థల మధ్య పోటీ రాలేదు. ఒకరి పుస్తకాలు ఒకరు అమ్మారు. 1970లలో జాతి విద్వేషులు నల్లవారి పుస్తకాల దుకాణాల మీద దాడులు చేసినప్పుడు కలిసి కమిటీ కట్టి నిలబడ్డారు.

1973లో న్యూ బీకన్ పుస్తకాల దుకాణం ఫిన్స్‌బరీ పార్కు దగ్గర 76, స్ట్రౌడ్ గ్రీన్ రోడ్డుకు మారింది. ఇక్కడ సారా వైట్ గురించి నిలిచి చెప్పుకోవాలి. ఇలాంటి సంస్థల చరిత్రలో సభల్లో మాట్లాడినవారి పేరు నిలుస్తుంది. ప్రూఫులు దిద్ది, బిల్లులు రాసి, పార్సిళ్ళు కట్టి, రావలసిన బాకీల కోసం ఉత్తరాలు రాసే చేతులు మరుగున పడతాయి. న్యూ బీకన్ విషయంలో ఆ అన్యాయం జరగకూడదు. ప్రచురణ, దుకాణం, ఆ తర్వాతి దస్త్రాల సంస్థ, మూడింటిలోనూ ఆమె వ్యవస్థాపకురాలు, రోజువారీ పని మోసిన మనిషి. దుకాణం అమ్మకాలే ప్రచురణకు ఆసరా. ఆఫ్రికా, ఆసియా, కరీబియన్ ప్రాంతాల నుంచి పుస్తకాలు తెప్పించి పాఠకులకూ బడులకూ గ్రంథాలయాలకూ అందించడం వల్ల ఒక కవితా సంపుటికి కాగితం ఖర్చు వచ్చేది. గయానా కవి మార్టిన్ కార్టర్ కవితలు 1977లో, జమైకా రచయిత్రి ఎర్నా బ్రాడ్బర్ తొలి నవల 1980లో అలా వచ్చాయి. పెద్ద సంస్థల లెక్కలో ఆ రచనలకు గిరాకీ లేదు.

1981 జనవరి 18 తెల్లవారుజామున లండన్ న్యూ క్రాస్ రోడ్డులోని ఒక ఇంట్లో పుట్టినరోజు వేడుక జరుగుతుండగా మంటలు లేచి 13 మంది నల్లజాతి యువతీయువకులు చనిపోయారు. ప్రభుత్వ పెద్దల నుంచి సానుభూతి మాట రాలేదు. పోలీసుల దర్యాప్తు మీద కుటుంబాలకు నమ్మకం పోయింది. అప్పుడు ఏర్పడిన కార్యాచరణ కమిటీకి అధ్యక్షులుగా నిలిచినవారు జాన్ లా రోజ్. మార్చి 2న, పనిదినమైన సోమవారం, వేలాది మంది న్యూ క్రాస్ నుంచి హైడ్ పార్కు దాకా నడిచారు. బ్రిటన్‌లో నల్లవారు అంతవరకు అంత పెద్ద ప్రదర్శన జరపలేదు. పుస్తకాలు అమ్ముకునే మనిషికి ఆ బాధ్యత ఎలా వచ్చిందని ఎవరైనా అడగవచ్చు. పదిహేనేళ్ళుగా సభల్లో, బడిలో, దుకాణంలో ఏర్పడిన నమ్మకమే ఆయనను అక్కడ నిలబెట్టింది. 1981లో, మళ్ళీ 2004లో జరిగిన రెండు మరణ విచారణలూ కారణం తేల్చకుండానే ముగిశాయి.

మరుసటి ఏడాది, 1982 ఏప్రిల్‌లో, న్యూ బీకన్, బోగిల్ లూవర్చ్యూర్, రేస్ టుడే పత్రిక బృందం కలిసి ఇస్లింగ్టన్ టౌన్ హాలులో రాడికల్ బ్లాక్, తృతీయ ప్రపంచ పుస్తకాల అంతర్జాతీయ ప్రదర్శన పెట్టాయి. ‘బీకన్’ పత్రికలో యువకుడిగా రాసిన సి.ఎల్.ఆర్. జేమ్స్, ఎనభై దాటిన వయసులో, దాన్ని ప్రారంభించారు. 1995 వరకు 12 సార్లు జరిగిన ఆ ప్రదర్శనల్లో అమ్మకాలతో పాటు కవితా పఠనాలు, చర్చలు, సంగీతం, నాటకం ఉండేవి. మాంచెస్టర్, బ్రాడ్‌ఫర్డ్, లీడ్స్ వంటి ఊళ్ళకూ ప్రదర్శన వెళ్ళింది. లింటన్ క్వేసీ జాన్సన్ వంటి కవులకు, ఆఫ్రికా, ఆసియా నుంచి వచ్చిన చిన్న ప్రచురణకర్తలకు అది ఎదురుచూసే కూడలి.

ఈ కథకు తెలుగు నేలతో సూటి సంబంధం కెన్యా రచయిత గూగీ వా థియాంగో ద్వారా ఉంది. 1982లో కెన్యాకు తిరిగి వెళ్ళే దారి మూసుకుపోయి గూగీ లండన్‌లో ప్రవాసంలో చిక్కుకున్నప్పుడు, కెన్యా రాజకీయ ఖైదీల విడుదల కమిటీకి అధ్యక్షత వహించి తోడు నిలిచినవారు లా రోజ్. గూగీ వ్యాసాల సంపుటి ‘బ్యారెల్ ఆఫ్ ఎ పెన్’ను 1983లో న్యూ బీకన్ ప్రచురించింది. అదే దశాబ్దంలో జైలులో ఉన్న వరవరరావు గూగీ నవలను ‘మట్టికాళ్ళ మహారాక్షసి’గా తెలుగు చేశారు. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్టు, సహవాసి అనువదించిన ‘ఏడు తరాలు’తో ఆఫ్రికా నుంచి బానిసగా తేబడ్డ కుటుంబ కథను తెలుగు ఊళ్ళ దాకా చేర్చింది. ఒకరికొకరు తెలియకపోయినా ఈ చిన్న ప్రచురణ సంస్థలు ఒకే కాలంలో ఒకే దిశగా నడిచాయి.

1991లో లా రోజ్, సారా వైట్, వాళ్ళ సహచరులు స్ట్రౌడ్ గ్రీన్ రోడ్డు దుకాణం పైభాగంలో జార్జ్ పాడ్మోర్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించారు. ఉద్యమాల మినిట్సు పుస్తకాలు, కరపత్రాలు, ఉత్తరాలు, ప్రదర్శనల ఫైళ్ళు, అన్నీ అక్కడ వర్గీకరించి పెట్టారు. అది కాగితాల కొట్టు మాత్రమే అయి ఉంటే అంత విలువ ఉండేది కాదు. 1990ల చివర కరీబియన్, ఆఫ్రికన్, ఆసియా నేపథ్యాలున్న మనుషులను పిలిచి, బ్రిటన్‌లో తమ జీవితానుభవాన్ని సభ ముందు చెప్పించి, ఆ సంభాషణలను 1999లో ‘చేంజింగ్ బ్రిటానియా’ పేరుతో పుస్తకం చేశారు. పైన చెప్పిన మాట కింద దుకాణంలో పుస్తకమై దొరికింది. హంట్లీ దంపతులు కూడా తమ కాగితాలన్నీ 2005లో లండన్ మెట్రోపాలిటన్ ఆర్కైవ్స్‌కు అప్పగించారు.

జాన్ లా రోజ్ 2006 ఫిబ్రవరి 28న కన్నుమూశారు. 2016 చివర్లో దుకాణం మూతపడక తప్పదన్న పరిస్థితి వచ్చినప్పుడు, దాని పుస్తకాలతో పెరిగిన పాఠకులు చందాలు పోగుచేసి నిలబెట్టారు. లా రోజ్ పోయాక కూడా ఒక దుకాణం కోసం జనం జేబులో చెయ్యి పెట్టారంటే, దాన్ని వాళ్ళు సరుకు అమ్మే చోటుగా చూడలేదని అర్థం.

తెలుగులో చిన్న ప్రచురణ సంస్థలకు, చదువరుల సంఘాలకు, నాటక సమాజాలకు కొదవ ఎప్పుడూ లేదు. కొరత వాటి దస్త్రాలకు ఉంది. ఎన్ని ప్రతులు వేశారు, కాగితం అప్పు ఎవరిచ్చారు, ఏ ఊరి నుంచి ఏ పాఠకుడు ఉత్తరం రాశాడు, ఏ సభలో ఏ తీర్మానం జరిగింది అన్న వివరాలు ఇళ్ళలో అటకల మీద ఉన్నాయి, ఇళ్ళు మారినప్పుడల్లా పాత కాగితాల వాడికి పోతున్నాయి. ఈ సభలో అలాంటి సంస్థలు నడిపినవారు, నడిపినవారి పిల్లలు తప్పక ఉంటారు. వాళ్ళకు ఒకటే విజ్ఞప్తి. మీ దగ్గరున్న ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు, మినిట్సు, తొలి ముద్రణల ప్రతులు పారేయకండి. వాటికి ఒక జాబితా రాసి, మీ ఊరి గ్రంథాలయానికో, దగ్గరలోని విశ్వవిద్యాలయానికో ఈ ఏడాదే అప్పగించండి. గ్రంథాలయ నిర్వాహకులు వాటిని తీసుకుని, ఒక బీరువా కేటాయించి, అడిగినవారికి చూపించే ఏర్పాటు చేయాలి.